ఆల్చిప్పల సారె

ఫాల్గుణ శుద్ధ తదియ

ఈ నమోదులో తేదీలు కాదు, తిథులు రాయాలని నదీముఖ సభ వారి నియమం. ఇక్కడి నీళ్ళు క్యాలెండరును ఖాతరు చెయ్యవట, చంద్రుడి మాటే వింటాయట. నీళ్ళలో ఉప్పు తేల్చే పని మీద అనంతపురం నుంచి వచ్చినదాన్ని, సముద్రం పొంగే పోటూ తీసే పాటూ నాకేం తెలుసు? మా వైపు నీళ్ళు ఉన్నాయా లేవా అన్నదొక్కటే ప్రశ్న. ఇక్కడ ఉన్న నీళ్ళు ఉప్పగా ఉండాలా చప్పగా ఉండాలా అని ఇరవయ్యేళ్ళుగా కొట్టుకుంటున్నారు.

పొద్దున్నే లేచి సోలారు పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. సముద్రం పైకొచ్చాక గోదావరి పాయలన్నిటికీ మూతి దగ్గర గోడ కట్టారు. గోడ నీళ్ళను ఆపింది గానీ గాలిని ఆపలేదు. తర్వాత పీత కాళ్ళలో చుట్టుకున్న నాచు పీకాను. పీత అంటే బురదలో నడుస్తూ గొట్టం దింపి మట్టి తోడుకొచ్చే యంత్రం. దాన్ని చూసి నేనుంటున్న ఈ జాలరి పాలెం పిల్లలు నవ్వుతారు. ఇంత పెద్ద పీతకి కండ ఉండదా అని అడుగుతారు.

బస మరిడమ్మగారి ఇంటి పై గదిలో. స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు, కింద పాయ. ఆవిడకి అరవై దాటాయి. గోడ తలుపులు తెరిచి పాయలోకి ఉప్పునీళ్ళు వదలమని సభకు అర్జీ పెట్టింది ఆవిడే. నీళ్ళు చప్పబడ్డాక, పాయలో వలలు కట్టి ఆవిడ పెంచే దొడ్లలో పీతలు చచ్చిపోతున్నాయి. తీర్పు ఎదురు తిరిగితే పాలెం ఖాళీ చేసి ఎగువన మెరక కాలనీకి పోవాలి. పాలెంలో అందరూ నన్ను ఉప్పు మేడం అంటున్నారు. పేరు అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు.

శుద్ధ అష్టమి

పోటు మందంగా ఉంది. పని కూడా అలాగే సాగింది. కూర్చోవాలంటే కాళ్ళు ఊరుకోవడం లేదు.

పాయను పూర్వస్థితిలో ఉంచాలనే చట్టం ఒక్క అంకె అడుగుతుంది. ఎగువన ఆనకట్టలు పెరగకముందు ఈ పాయలో నీళ్ళు ఎంత ఉప్పగా ఉండేవి? ఆ అంకెను బట్టి గోడ తలుపులు ఎంత తెరవాలో సభ నిర్ణయిస్తుంది. నీళ్ళకు జ్ఞాపకం ఉండదు కాబట్టి నీళ్ళల్లో బతికినవాటిని అడగాలి. ఆల్చిప్ప పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న నీటిని కొంచెం కొంచెంగా తన చిప్పలో కట్టుకుంటుంది. ఉప్పునీళ్ళకు ఒక గుర్తు, ఏటినీళ్ళకు ఒక గుర్తు. చదువరి అని మేం పిలిచే యంత్రం ఆ గుర్తులు చదువుతుంది.

మరిడమ్మగారి ఇంటి వెనక చిప్పల దిబ్బ ఉంది. తరతరాలుగా తిని పారేసిన ఆల్చిప్పలు మనిషెత్తు పెరిగాయి. నేను దాన్ని నిలువునా కోసి, పొరపొరకీ చిప్పలు ఏరి, పొడి కొట్టి చదువరిలో పోశాను. అడుగు పొర నుంచి పై పొర దాకా ఒకటే మాట. లీటరుకు ఇరవై రెండు గ్రాములు, ఇరవై మూడు, ఇరవై రెండు. మూడింట రెండొంతులు సముద్రమే.

ఫలితం బయటికి చెప్పకూడదు. కానీ నా ముఖం చూసి ఆవిడ పోల్చుకుంది. ఆ పూట అన్నంలోకి పీతల ఇగురు వచ్చింది. ఆవిడ దొడ్లో ఉన్నవే పదో పన్నెండో, అందులోంచి రెండు నాకు వండింది. తినను అంటే బాగుండదని తిన్నాను. చాలా బాగుంది. అదీ నన్ను ఇబ్బంది పెట్టింది.

శుద్ధ ఏకాదశి

పీత తెచ్చిన మట్టి చదివాను. ఒళ్ళు మండిపోయింది.

మట్టి పొరల్లో కంటికి ఆనని ప్రాణుల పెంకులు ఉంటాయి. ఉప్పులో బతికేవి వేరు, ఏటినీళ్ళలో బతికేవి వేరు. ఆనకట్టలకు ముందటి పొరల్లో ఉన్నవన్నీ ఏటినీళ్ళవే. ఏడాది సగటున లీటరుకు నాలుగైదు గ్రాములకు మించదు. ఆ తర్వాత ఎగువ నీళ్ళు ఎగువనే ఆగిపోయిన కరువు దశాబ్దాల్లో మాత్రం ఉప్పు పెరిగింది. గోడ కట్టాక మళ్ళీ తగ్గింది.

ఇంటి వెనక దిబ్బ సముద్రం అంటుంది, ఇంటి కింద బురద ఏరు అంటుంది. రెండింటికీ మధ్య పది అడుగుల దూరం లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు సాక్షులు ఇంత నిబ్బరంగా ఒకరికొకరు ఎదురు చెప్పడం నేను ఎక్కడా చూడలేదు.

సాయంత్రం అవతలి లంక నుంచి బులిరాజుగారు పడవ వేసుకుని వచ్చాడు. లంక రైతుల తరఫున ఎదురు అర్జీ ఆయనదే. గోడ బయట మునిగిపోయిన ఊళ్ళ వాళ్ళు ఇక్కడికొచ్చి వరి వేసుకున్నారు. తలుపులు తెరిస్తే వరి పోతుంది. ఆయన నన్నేమీ అడగలేదు. వెన్నుపట్టిన చేను ఒకసారి చూసి వెళ్ళమన్నాడు. చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఎవరి వైపు చూసినా వాళ్ళదే న్యాయం అనిపిస్తుంది.

పౌర్ణమి

అన్నీ మళ్ళీ చేశాను. కొత్త చిప్పలు, కొత్త మట్టి, చదువరి కూడా కడిగి సరిచూశాను. అవే అంకెలు. సభ కార్యాలయంతో మాట్లాడితే, రెండిట్లో బలమైనది ఏదో తేల్చి ఒకటి పంపండి, విచారణ బహుళ ద్వాదశికి పెట్టాం అన్నారు. కూరగాయలు ఎంచుకోమన్నంత తేలిగ్గా చెప్పారు.

గోడ బయట పోటుకు ఏటినీళ్ళు పోలేక ఇంటి మెట్ల దాకా వచ్చాయి. గదిలో ఈ గోడకీ ఆ గోడకీ తిరుగుతుంటే కింద అత్తాకోడళ్ళ గొడవ వినపడింది. కోడలు లోవరత్నం రావులపాలెం నుంచి వచ్చిన పిల్ల. మెరక కాలనీకి పోతే కరెంటు, బడి, రోడ్డు ఉంటాయని, పోదామని ఆమె పోరు. మరిడమ్మగారు మెట్ల మీద కూర్చుని వల బాగు చేసుకుంటూ ఒక్క మాట అంది.

"నీకేటి తెలుత్తాదే ఈ ఏటి సంగతి? కాపురానికొచ్చినప్పుడు ఒక్క చిప్పన్నా తెచ్చేవా?"

ఏదో దెప్పిపొడుపు అనుకుని వదిలేయవచ్చు. నా బుద్ధి ఊరుకోదు. కిందికి దిగి, ఏ చిప్ప అని అడిగాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇంతకాలానికి ఎవరో అడిగారన్న సంతోషం. సముద్రపు ఒడ్డున ఉండే ఆడపిల్లల్ని పాయ లోపలి ఇళ్ళకు ఇచ్చేటప్పుడు, పుట్టింటి నీళ్ళల్లో పెరిగిన ఆల్చిప్పలు బతికున్నవి గంపెడు సారెగా పంపేవాళ్ళట. పెళ్ళికూతురు మెట్టినింట్లో అడుగు పెట్టకముందే ఇంటి వెనక్కి వెళ్ళి, మోకాలి లోతు దిగి, వాటిని తన చేత్తో పాయలో పరవాలి. ఆ తర్వాత ఏటా ఆషాఢంలో పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఇంకో గంప. వరదల నెలల్లో పడవలు కదలకపోతే ఇల్లంతా వాటినే తినేవాళ్ళు.

మరి ఇక్కడ పిల్లలు పెట్టవా అని అడిగాను. వాళ్ళ అమ్మమ్మలనాడు పెట్టేవి కాదట, అందుకే గంపలు తేవడం. తన చిన్నప్పుడు నీళ్ళు ఉప్పబడ్డాక వాటంతట అవే పెరగడం మొదలైంది, గంపలు ఒట్టి లాంఛనం అయిపోయాయి, ఆపైన గోడ వచ్చి బయటికి దారే మూసేసింది.

ఆవిడ చెబుతూనే ఉంది. తన అత్త ఎన్ని గంపలు తెచ్చిందో, ఏ గంప పడవలో తిరగబడిందో. నాకు సగం వినపడలేదు.  ఆ చిప్పలు ఈ పాయలో పుట్టినవి కావు. నేను ఇన్నాళ్ళూ పొడి కొట్టి చదివింది వాటి పుట్టింటి నీళ్ళని.

బహుళ తదియ

ఇక పొడి కొట్టడం లేదు. ఒక్కో చిప్పను అడ్డంగా కోసి, అద్దంలా నున్నగా నూరి, చిప్ప పెరిగిన మొదటి గీత నుంచి చివరి అంచు దాకా వరసగా చదువుతున్నాను. వేళ్ళు కోసుకుపోయాయి. లోవరత్నం గుడ్డ కట్టి, ఇంత కష్టపడి ఎవరి నోట్లో మట్టి కొడతారండీ అని అడిగింది. ఆమె వేళాకోళానికే అంది.

నీళ్ళు ఉప్పబడిన కాలపు పై పొర తప్ప, ప్రతి చిప్పలోనూ అదే కథ. లోపలి గీతలు దిట్టంగా, ఉప్పుతో నిండి ఉన్నాయి. అవి సముద్రం ఒడ్డున గడిచిన చిన్నతనం. తర్వాత ఒకచోట గీత వంకర పోయింది. పడవలో ఎండకు నోరు మూసుకుని ప్రయాణం చేసిన గుర్తు అది. అక్కడి నుంచి గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా, అంచు దాకా చప్పటి నీళ్ళే. లీటరుకు అయిదు గ్రాములు, వైశాఖ జ్యేష్ఠాల్లో మాత్రం పన్నెండు దాకా పెరిగి, వరద రాగానే మళ్ళీ పడిపోయాయి. మందమంతా చిన్ననాటిదే కాబట్టి పొడి కొడితే ఉప్పే పైకి తేలింది.

మట్టి చెప్పిందీ చిప్ప అంచు చెప్పిందీ ఒకటే. ఇద్దరు సాక్షులూ కలిసిపోయారు. ఎగిరి గంతెయ్యాల్సిన రోజు ఇది. ఈ పద్ధతి రాసి పంపితే వృత్తిలో నాకు పేరొస్తుంది.

మరిడమ్మగారికి గుర్తున్న ఉప్పు నిజమే. ఆవిడ చిన్నతనం నిజమే. కానీ అది ఏరు ఎండిపోయిన రోజుల ఉప్పు. ఆవిడ తిరిగి రావాలనుకుంటున్నది ఏటికి జబ్బు చేసిన కాలం. ఇది ఎలా చెప్పాలి? అడగకుండా ఉంటే నాకు తెలిసేది కాదు, ఆవిడ గెలిచేదేమో. ఈ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

బహుళ షష్ఠి

చెప్పేశాను. విచారణలో పదిమందిలో వినడం కంటే ముందుగా వినడం మంచిదనుకున్నాను. ఎవరికి మంచిదో మరి.

కోసిన చిప్ప ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, వంకర గీత చూపించి, ఇది పడవ ప్రయాణం, ఇది మీ ఇంటి వెనక నీళ్ళు అన్నాను. ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. అది ఎవరు తెచ్చిన గంపలోదై ఉంటుంది, ఏ పొరలో దొరికింది అని అడిగింది. అడుగు నుంచి మూడో పొర అన్నాను. అయితే మా అత్తకి అత్త, ఆదెమ్మగారి చిప్ప అది అంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పైటచెంగుతో తుడిచింది.

తర్వాత తల ఎత్తి అడిగింది. "అయితే తలుపులు తియ్యరన్నమాట."

తియ్యకపోవచ్చు, వేసవిలో రెండు నెలలు కొద్దిగా తీస్తారేమో అన్నాను. పీతలకు అది చాలదు. ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

"మా ఆడోళ్ళ ముచ్చట మీకు చెప్పుకున్నానండి. మీరు దాంతోనే మా కొంపకి నిప్పెట్టేరు."

 సాయంత్రం నుంచి నాకు అన్నం పైకి పంపడం మానేసింది. లోవరత్నం ఎవరూ చూడకుండా గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. తినబుద్ధి కాలేదు. వేరే బస చూసుకుందామని సంచీ సర్ది, మళ్ళీ విప్పేశాను. తప్పు చేసినట్టు పారిపోవడం ఎందుకు? తప్పు చెయ్యలేదు కదా అని మనసుకు ఎంత చెప్పినా అది వినడం లేదు.

బహుళ ద్వాదశి

విచారణ గోడ మీద ఉన్న సభా మందిరంలో జరిగింది. ఒక కిటికీలోంచి సముద్రం, ఎదుటి కిటికీలోంచి పాయ. పోటు వేళ సముద్రం పాయకంటే మనిషి పొడుగు ఎత్తులో ఉంటుంది. చూస్తే కళ్ళు తిరుగుతాయి.

నా వంతు రాగానే ఉన్నదున్నట్టు చెప్పాను. సభాధ్యక్షురాలు తొందర మనిషి. అంటే పూర్వస్థితి చప్పటి నీరే, అంకె అయిదు, అంతేనా అంది. లంక తరఫు వకీలు అప్పుడు లేచాడు. కుర్రవాడు, గెలుపు చేతికందిందని ఊపు మీద ఉన్నాడు. ఈ చిప్పలు ఎక్కడివో తెచ్చి పోసినవి, ఈ పాయకు సంబంధించినవే కావు, కాబట్టి పాలెం వాళ్ళు తరతరాలుగా ఇక్కడ బతికారనడానికి కూడా రుజువు లేదు, దిబ్బ మొత్తాన్ని సాక్ష్యం నుంచి కొట్టేయాలి అన్నాడు.

మరిడమ్మగారు వెనక బెంచీ మీద ఉంది. ఈ ఆరు రోజుల్లో నాతో మాట్లాడలేదు. లేచి ముందుకు వచ్చి, బల్ల మీద నేను పొరలవారీగా పేర్చిన చిప్పల ముందు నిలబడింది.

అడుగు పొర మీద వేలు పెట్టి, ఇది పేరంటాలమ్మ తెచ్చింది, బాల్యంలోనే పెళ్ళయి వచ్చింది అని చెప్పింది. తర్వాతది ముత్యాలు, ఆమెకు ఏటా రెండు గంపలు వచ్చేవి, పుట్టింటివాళ్ళు కలిగినవాళ్ళు. తర్వాత ఆదెమ్మ, ఆమె తెచ్చిన గంపల్లో సగం దారిలోనే చచ్చేవి, పుట్టిల్లు దూరం. తర్వాత తన అత్త నూకాలు. చివరికి పై పొర, అది తనది. ఒక్కో పేరుకూ నేను నా పట్టికలో ఆ పొర వయసు చూసుకుంటున్నాను. ఒక్కటీ తప్పలేదు.

కుర్ర వకీలు కూర్చున్నాడు. అధ్యక్షురాలు మెత్తబడి, అమ్మా, మీరు చెప్పింది మీ అర్జీకే ఎదురు పోతుంది, తెలుసా అని అడిగింది.

"తెలుసండి. మావోళ్ళు తెచ్చినవి ఇక్కడే పుట్టేయని చెప్పి ఆళ్ళని అబద్ధం చెయ్యలేనండి. ఆరు రోజుల్నించి ఇదే ఆలోచిత్తున్నాను. మావోళ్ళు సప్పటి నీళ్ళల్లోనే బతికేరు. బయటికెళ్ళి తెచ్చుకుని బతికేరు. నాకు ఉప్పొద్దండి. దారి ఇప్పించండి."

ఆవిడ అడిగిన దారి ఏదో అక్కడ అందరికీ తెలుసు. గోడకు పడవ తలుపు ఒకటుంది. లోపలొకటి బయటొకటి రెండు తలుపులు, మధ్యలో పడవ నిలిచే చోటు. కాపలా ఖర్చు దండగని కట్టిన రెండో ఏడే దానికి తాళం వేశారు.

అధ్యక్షురాలు చట్టం తిరగేసింది. చట్టం నీళ్ళ గురించే చెబుతుంది, రాకపోకల గురించి చెప్పదు, అంకె మీద సంతకం చేసి ఇవ్వండి, మిగతాది వచ్చే ఏటి సభలో చూద్దాం అని నా వైపు కాగితం తోసింది.

వచ్చే ఏటికి పాలెం ఉండదు.  ఇలాంటి చోట్ల మాట్లాడటం నాకు చేతకాదు, మాట్లాడితే కోపంగా వస్తుంది. ఈసారీ అలాగే వచ్చింది.

"ఈ అంకె చిప్ప అంచులో దొరికిందండీ. బయటి నుంచి ఎవరో తెచ్చి ఇక్కడ పరిస్తేనే ఆ అంచు ఉంది. ఆ పడవ పూర్వస్థితి కాదంటే నా అంకె కూడా కాదు. పడవ లేకుండా నేను సంతకం పెట్టను."

నా సంతకం లేకపోతే లంక వాళ్ళకూ తీర్పు రాదు. అది నాకు తెలుసు. బులిరాజుగారి ముఖం చూడలేక కిటికీలోంచి పాయను చూస్తూ నిలబడ్డాను. ఆయనే లేచాడు.

"పడవొచ్చినప్పుడు చెంబెడు ఉప్పునీళ్ళు మా వైపొత్తే నేనే తోడి పోసుకుంటానండి. తాళం తీయించండి."

వకీలు ఆయన చెయ్యి పట్టి లాగాడు. ఆయన విదిలించుకున్నాడు. అధ్యక్షురాలు పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టింది. చివరికి అంకె కింద ఒక వాక్యం తన చేత్తో రాసింది. పాలెం పడవలకు పడవ తలుపు తెరవాలి, ఇదీ పూర్వస్థితిలో భాగమే. అప్పుడు సంతకం పెట్టాను. 

చైత్ర శుద్ధ తదియ

నిన్న మరిడమ్మగారు పీతల దొడ్ల వలలు తానే కోసేసింది. మిగిలిన పీతలు కాసేపు కదలకుండా ఉండి, తర్వాత బురదలోకి జారిపోయాయి. ఆవిడ ఏడ్చింది. ముఖం కడుక్కుని అటక మీంచి పాత గంపలు దింపమంది.

ఈరోజు సముద్రం తీసి పాటు మొదలవగానే మూడు పడవలు తలుపులోంచి బయటికి వెళ్ళాయి. మొదటి దాంట్లో మరిడమ్మగారూ లోవరత్నమూ. లోవరత్నం ఎలా ఒప్పుకుందో నాకు తెలియదు. నాకు రమ్మని పిలుపు రాలేదు, నేను అడగనూ లేదు. గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. బయట ఇరవయ్యేళ్ళుగా ఎవరూ దిగని ఇసుక తిప్పలు. అక్కడ ఆల్చిప్పలు ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. సముద్రం పెరిగింది, వేడెక్కింది. లేకపోతే? వలలు కోసేసింది కదా, ఇక ఏం మిగులుతుంది? నేను గెలిపించానని సంబరపడుతున్నది ఉత్త దారినేనా? కాపలా మనిషి నన్ను చూసి, కూర్చోండమ్మా నాకు కళ్ళు తిరుగుతున్నాయి అన్నాడు.

పోటుతో పడవలు తిరిగొచ్చాయి. రెండు ఖాళీ. మరిడమ్మగారి గంపలో సగానికి తక్కువ, తడి గోనె కింద. చిన్నవి, గరుకువి, నోళ్ళు గట్టిగా బిగించుకున్నవి.

ఇంటి దగ్గర నన్ను పలకరించే తీరిక ఆవిడకు లేదు. నోళ్ళు విప్పేలోగా నీళ్ళల్లో వెయ్యాలట. గంప రెండో చెవి పట్టుకోమని కేక వేస్తే పట్టుకున్నాను. ఇంటి వెనక మోకాలి లోతులో దిగాం. ఒక అడుగు ముందు లోవరత్నం దిగింది. అత్త అందిస్తుంటే ఆమె ఒక్కొక్కటీ బురదలో పరిచింది, తలకిందులుగా పెట్టినప్పుడల్లా తిట్లు తింటూ.

గంపలో చివరిది మిగిలింది. మరిడమ్మగారు దాన్ని తీసి, కడిగి, నా చేతిలో పెట్టింది. చల్లగా, బరువుగా ఉంది. సభ జరిగాక నా ముఖం చూసి మాట్లాడిన మొదటి మాట అప్పుడు అంది.

"దీన్ని కొయ్యకండి మేడంగారూ. బతకనియ్యండి."

ఎక్కడ పెట్టాలో అడిగాను. లోవరత్నం పక్కకు జరిగి చోటు చూపించింది.